58 యూరోల టికెట్టు, కొల్లూరు రాయి

మాది పిడుగురాళ్ల, సున్నపు బట్టీల ఊరు. జర్మనీలోని మాగ్డెబుర్గ్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. ఈ ఊరి పేరు మీరు వినకపోయినా దీని కథ చదివే ఉంటారు. రెండు రాగి అర్ధగోళాలు కలిపి, లోపలి గాలి తీసేసి, చెరోవైపు ఎనిమిదేసి గుర్రాలు కట్టి లాగించే బొమ్మ ఫిజిక్సు పుస్తకంలో ఉంటుందే, ఆ ప్రయోగం చేసిన ఓట్టో ఫాన్ గెరికె ఈ ఊరి మేయరే. మా యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు.

2023లో వచ్చేటప్పుడు, వీసా కోసం ఏడాది ఖర్చు ముందే జమ చేసి చూపించే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,208 యూరోలు వేసి వచ్చాను. బ్యాంకు లోను కొంత, అమ్మ గాజులు కొంత. అందులోంచి నెలకు 934 చొప్పున మన డబ్బే మనకు ఇస్తారు. ఏడాదికి అయిపోతుంది. ఆ తర్వాత ఎవరి తంటాలు వాళ్లవి. నేను ఊరి బయట ఒక గోడౌన్‌లో పెట్టెలు సర్దుతాను. గంటకు 12.82 యూరోలు, అంటే 2025లో చట్టం పెట్టిన కనీస కూలి. రెండేళ్లలో నేను చూసిన జర్మనీ ఏమిటంటే నా గది, క్లాసు, గోడౌను, సరుకుల కొట్టు.

2025 సెప్టెంబరులో పరీక్షలు అయిపోయి ఒక వారం ఖాళీ దొరికింది. ఇక్కడ డోయిచ్‌లాండ్ టికెట్ అని ఒకటుంది. అప్పట్లో నెలకు 58 యూరోలు కడితే దేశంలో ఏ ప్యాసింజరు రైలైనా, బస్సైనా, ట్రామైనా ఎక్కొచ్చు. ఎక్స్‌ప్రెస్‌లు మాత్రం ఎక్కకూడదు. ఒక మెలిక కూడా ఉంది. 10వ తారీఖులోపు రద్దు చేసుకోకపోతే వచ్చే నెల డబ్బు కూడా అకౌంట్లోంచి పోతుంది. ఈ మెలిక గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అందరూ పారిస్ వెళ్తారు, నువ్వు డ్రెస్డెన్ ఎందుకురా అని రూమ్మేటు అడిగాడు. మా నాన్నమ్మ పుట్టిల్లు కొల్లూరు. బెల్లంకొండ మండలంలో కృష్ణ ఒడ్డున ఉండేది. పులిచింతల ప్రాజెక్టు వచ్చాక నీళ్లలో కలిసిపోయింది. అయిదారేళ్ల వయసులో ఒకే ఒక్కసారి వెళ్లాను. గుర్తున్నవి ఒక వేపచెట్టు, దాని కింద నన్ను కుట్టిన చీమలు. ఆ ఊళ్లో ఒకప్పుడు వజ్రాల గని ఉండేదనీ, కోహినూరు అక్కడిదేననీ చిన్నప్పటి నుంచీ వింటున్నదే. డ్రెస్డెన్‌లో ఒక ఆకుపచ్చ వజ్రం ఉందని, అదీ కొల్లూరుదే అంటారని మాత్రం ఇక్కడికొచ్చాకే తెలిసింది. కోహినూరు చూడాలంటే లండన్ వెళ్లాలి, దానికి ఇంకో వీసా కావాలి. పచ్చ వజ్రానికైతే ప్యాసింజరు రైలు చాలు.

మొదటి రోజు, సోమవారం, సెప్టెంబరు 8

తెల్లవారుజామున లేచి పులిహోర కలిపాను. స్టేషన్లో ఒక శాండ్‌విచ్ కొంటే గోడౌన్లో అరగంట పని పోయినట్టే. ప్రతి ధరనీ పని గంటల్లోకి మార్చుకునే జబ్బు ఇక్కడ చదువుకునే మనవాళ్లందరికీ ఉంటుంది. మొదటి ఏడాది రూపాయల్లోకి మారుస్తాం, రెండో ఏడాది గంటల్లోకి.

హాలె మీదుగా లైప్‌జిగ్ వెళ్లాను. మాగ్డెబుర్గ్ దాటగానే చక్కెర దుంపల పొలాలు, గాలిమరలు. ఈ ప్రాంతాన్ని బోర్డె అంటారు. దున్నిన చోట నేల నల్లగా ఉంటుంది. అచ్చం మా సత్తెనపల్లి రోడ్డు పక్క నల్లరేగడే. పత్తి బదులు దుంప వేశారంతే.

లైప్‌జిగ్ స్టేషను 1915 నాటిది. ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిచేసరికి చిన్న ఊరు దాటినట్టు ఉంటుంది. నరసరావుపేటలో ఇంటర్ కలిసి చదివిన స్నేహితుడు అక్కడున్నాడు. వాడి గదిలోనే ఆ రాత్రి మకాం.

"సోమవారం వచ్చావు, మంచి పని చేశావురా" అంటూ నన్ను నికోలాయ్ చర్చికి తీసుకెళ్లాడు. లోపల స్తంభాలు తాటిచెట్ల లాగా పైకి వెళ్లి ఆకులు విప్పుకుంటాయి. తూర్పు జర్మనీ ఉన్న రోజుల్లో ఇక్కడ సోమవారం సోమవారం శాంతి ప్రార్థనలు జరిగేవి. 1989లో ఆ జనం ప్రార్థన కాగానే వీధుల్లోకి రావడం మొదలుపెట్టారు. అక్టోబరు 9న దాదాపు 70,000 మంది వచ్చారు. పోలీసులు కాలుస్తారనే అందరూ అనుకున్నారట. కాల్చలేదు. సరిగ్గా నెలకి బెర్లిన్ గోడ తెరుచుకుంది. చర్చి బయట లోపలి తాటి స్తంభం లాంటిదే ఒకటి నిలబెట్టారు, ప్రార్థన లోపలి నుంచి వీధిలోకి వచ్చిందని గుర్తుగా. నాకు ఆ స్తంభం తెగ నచ్చింది. దాని మొదట్లో కూర్చునే పులిహోర తిన్నాం.

రాత్రి వాడి గదిలో మాటలన్నీ ఉద్యోగాల గురించే. ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, జర్మన్ భాషలో బీ1 అనే మధ్యస్థాయి దాటకపోతే ఇంటర్వ్యూకే పిలవట్లేదు. ఆ టెన్షన్ ఇక్కడ రాయను.

రెండో రోజు, మంగళవారం

లైప్‌జిగ్ నుంచి డ్రెస్డెన్‌కు గంటన్నర పైన పట్టింది. 1839లోనే వేసిన లైను ఇది. జర్మనీలో మొదటి దూరప్రయాణపు రైలు మార్గం ఇదేనని రైల్లో ఒకాయన చెప్పాడు, తర్వాత రీసా స్టేషను దాకా రైళ్ల గురించే చెప్పాడు. నా జర్మన్‌కి అందింది సగమే.

దిగీ దిగగానే రాజభవనం వైపు పరుగెత్తాను. వజ్రం ఉన్న గ్రూనెస్ గెవ్యోల్బె, అంటే ఆకుపచ్చ కోశాగారం, అందులోనే ఉంది. తలుపు దగ్గర బోర్డు: మంగళవారం సెలవు. నెల రోజులుగా రైళ్ల టైములు పేపరు మీద రాసుకున్నవాణ్ణి, మ్యూజియం సెలవేదో చూసుకోలేదు. నా పక్కనే ఇద్దరు ముసలివాళ్లు కూడా ఆ బోర్డే చదివి, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

చేసేదేం లేక ఊరు తిరిగాను. రాజభవనం పక్క గోడ మీద సాక్సనీ రాజులు వరసగా గుర్రాల మీద ఊరేగే బొమ్మ ఉంది. పొడవు 102 మీటర్లు, దాదాపు 23,000 పింగాణీ పలకలు. 1945 ఫిబ్రవరిలో మిత్రదేశాల విమానాలు ఈ ఊరిని బాంబులతో తగలబెట్టినప్పుడు దాదాపు 25,000 మంది పోయారు. ఈ గోడ మాత్రం నిలిచింది. నాలుగడుగుల అవతల ఉన్న ఫ్రౌవెన్‌కిర్షె చర్చి నిలవలేదు, మంటలు ఆరాక కుప్పకూలింది. నలభై ఏళ్లకు పైగా ఆ రాళ్లగుట్టను అలాగే వదిలేశారు. తర్వాత ఒక్కో రాయి ఏరి, లెక్క రాసి, మళ్లీ కట్టారు. 2005లో తెరిచారు. తెల్లగోడలో అక్కడక్కడా నల్లరాళ్లు కనిపిస్తాయి. అవి పాత చర్చివి.

మధ్యాహ్నం నుంచి వాన. నది దాటి నోయ్‌స్టాట్ వైపు వెళ్తే ఒక పెరడులో నీలంరంగు ఇల్లు కనిపించింది. గోడ నిండా గరాటాలు, బాకాల్లాంటి గొట్టాలు. చూరు నీళ్లు వాటిలోంచి దిగుతాయి. వాన పడితే పాడుతుందని ప్రచారం. గంటసేపు గొడుగు కింద నిలబడి విన్నాను. నిజం చెప్పాలంటే పాటేం లేదు, మా ఇంటి రేకుల మీద పడే చప్పుడే నయం.

రాత్రికి కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అన్న గదికి చేరాను. స్నేహితుడి స్నేహితుడు, అంతకుముందు ముఖం కూడా చూడలేదు. తలుపు తీస్తూనే "తిన్నవా తమ్మీ?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే బియ్యం కడుగుతున్నాడు. పద్నాలుగో అంతస్తు కిటికీలోంచి ఊరంతా దీపాలు, కంచంలో సీసా గోంగూర పచ్చడి. ఆయన ఇక్కడికొచ్చి అయిదేళ్లు. రాత్రి 10 దాటాక కుక్కర్ విజిల్ వేస్తే కింది అంతస్తు ఆవిడ ఊరుకోదని, మూడో విజిల్‌కి టైము చూసుకుని మరీ పెట్టాడు.

మూడో రోజు, బుధవారం

"వజ్రం యాడికి పోదు, రేపు చూద్దువు గాని. ఇయ్యాల వాన లేదు, బస్టైకి పో" అన్నాడు అన్న.

డ్రెస్డెన్ నుంచి ఎల్బే నది పక్కనే రైలు వెళ్తుంది. రాటెన్ అనే చోట దిగాను. ఊరు అవతలి ఒడ్డున ఉంది, వంతెన లేదు. పడవ ఉంది. ఎక్కి చూస్తే ఇంజను చప్పుడు లేదు. నదిలో పైన ఎక్కడో లంగరు వేసి ఒక పొడుగాటి తీగ కట్టారు. పడవను కాస్త ఏటవాలుగా తిప్పితే ప్రవాహమే దాన్ని అవతలికి తోసేస్తుంది. బల్లకట్టు! కృష్ణ మీద నల్గొండ వైపు దాటే బల్లకట్టు ఎక్కి పెరిగినవాణ్ణి, ఇక్కడ జనం దాన్ని ఫోటోలు తీస్తుంటే భలే అనిపించింది. మాదగ్గర బైకులు, మేకలు కూడా ఎక్కుతాయి. ఇక్కడ ఒక కుక్క ఎక్కింది, దానికీ బెల్టు కట్టారు.

అక్కణ్ణుంచి అరగంటకు పైగా మెట్లెక్కితే బస్టై. ఇసుకరాతి స్తంభాలు వరసగా నిలబడి ఉంటాయి, వాటి మధ్య 1851లో కట్టిన రాతి వంతెన. ఆ కొండ నదికి 194 మీటర్ల ఎత్తు. వంతెన మీంచి కిందికి చూస్తే ఎల్బే ఒక మెలిక తిరిగి పోతుంటుంది, పడవలు అగ్గిపెట్టెల్లా. ఎగువన బల్లపరుపు కొండ మీద క్యోనిగ్‌స్టైన్ కోట. యుద్ధకాలంలో కోశాగారంలోని నగలన్నీ ఈ కోటలోనే దాచారట. యుద్ధమయ్యాక సోవియట్ సైన్యం వాటిని మాస్కో తీసుకెళ్లింది, 1958లో తిరిగిచ్చింది. కొల్లూరు రాయి నాకంటే ఎక్కువే తిరిగింది.

మిగిలిన పులిహోర అక్కడే తింటుండగా తారీఖు గుర్తొచ్చింది. 10! టికెట్టు రద్దు చేయాలి. ఫోను తీస్తే సిగ్నల్ లేదు. వంతెన ఈ చివర నుంచి ఆ చివర దాకా చెయ్యెత్తి నడిచాను, పక్కన ఒక కుటుంబం నేను సెల్ఫీ తీసుకుంటున్నాననుకుని తప్పుకుంది. కిందికి దిగాను, లోయలో అసలే లేదు. బల్లకట్టు దాటి రైలెక్కితే పిర్నా దగ్గర రెండు గీతలు వచ్చాయి. రద్దు నొక్కాను. చక్రం తిరుగుతూనే ఉంది. 58 యూరోలు, నాలుగున్నర గంటల పెట్టెలు, కళ్ల ముందు కనపడ్డాయి. స్టేషను దాటేలోపు మెయిల్ వచ్చింది. వజ్రం చూసినప్పుడు కూడా అంత ఆనందం కలగలేదని ముందే చెప్పేస్తున్నా.

నాలుగో రోజు, గురువారం

తలుపులు తెరిచే టైముకే వెళ్లి విద్యార్థి టికెట్టు తీసుకున్నాను. అన్ని గదులూ వదిలేసి తిన్నగా అక్కడికే పోదామనుకున్నాను కానీ దారిలో ఔరంగజేబు ఆపేశాడు.

పెద్ద బల్లంత వెండి వేదిక. దాని మీద మొగలు దర్బారు. మధ్యలో సింహాసనం మీద ఔరంగజేబు, పుట్టినరోజు కానుకలతో వస్తున్న నవాబులు, ఏనుగులు, ఒంటెలు, పల్లకీలు. అన్నీ వేలెడంత బొమ్మలు, నూటముప్పైకి పైగా ఉన్నాయి. దాదాపు 5,000 వజ్రాలు పొదిగారు. డింగ్లింగర్ అనే కంసాలి, ఆయన తమ్ముళ్లు కలిసి 1701 నుంచి 1708 దాకా చేశారు. ఆయన మన దేశం ఎప్పుడూ రాలేదు. యాత్రికుల పుస్తకాలు చదివి ఊహించుకున్నాడు. అందుకే దర్బారులో కొందరి మొహాలు చైనావాళ్లలా ఉన్నాయి. బొమ్మ పూర్తయ్యేసరికి అసలు ఔరంగజేబు పోయి ఏడాదైంది. 1687లో ఆయన గోల్కొండ పట్టుకున్నాడు. కొల్లూరు గని కూడా దాంతోపాటే ఆయన చేతికి వచ్చింది. ఇక్కడ మాత్రం ఆ సంగతేమీ తెలియనట్టు ముద్దుగా కూర్చుని ఉన్నాడు.

పచ్చ వజ్రం ఇంకో గదిలో ఉంది. చీకటి గది, అద్దాల పెట్టె. టోపీకి తగిలించుకునే నగలో కింద వేలాడుతోంది. 41 క్యారెట్లు. క్యారెట్ల లెక్కలో గొప్పగా ఉంటుంది గానీ ఎనిమిది గ్రాముల పైచిలుకు, పెద్ద బాదం పప్పంత. పచ్చ అంటే మరకతంలాంటి ముదురు పచ్చ కాదు, లేత జామపిందె రంగు. భూమి లోపల సహజ రేడియేషన్ తగిలితే వజ్రానికి ఈ రంగు వస్తుంది. చుట్టూ ఉన్న తెల్ల వజ్రాలు ధగధగలాడుతుంటే ఇది మాత్రం నింపాదిగా ఉంది. నీళ్లలోంచి చూస్తున్నట్టు ఉంది.

1722లో లండన్‌లో దీని మాట మొదటిసారి వినపడింది. 1740ల మొదట్లో లైప్‌జిగ్ సంతలో ఒక డచ్చి వర్తకుడి దగ్గర సాక్సనీ పాలకుడు మూడో ఆగస్టస్ కొన్నాడు. మొన్న సోమవారం నేను పులిహోర తిన్న ఊరే. అంతకుముందు ఏ చేతులు మారిందో కాగితం లేదు. కొల్లూరు గనిదే అయి ఉంటుందని పండితులు అంటారు. టావెర్నియె అనే ఫ్రెంచి వర్తకుడు 17వ శతాబ్దంలో కొల్లూరు వచ్చి, గనుల్లో 60,000 మంది ఆడామగా పిల్లాజెల్లా పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవాళ్లు. ఈ రాయిని మొదట చూసిన మనిషి వాళ్లలో ఒకరు అయి ఉండాలి. గోడ మీది రాతల్లో రాజు పేరుంది, నగ చేసినవాడి పేరుంది. నేను గోడౌన్ కూలీని కాబట్టి నా ఆలోచన ఇటు పోయిందేమో.

మన రాయి మనకివ్వాలి అనే కోపం నాకు రాలేదు. వస్తుందనుకునే వెళ్లాను. వచ్చినదల్లా, నాన్నమ్మ ఊరు చూడాలంటే వీల్లేదు, ఆ ఊళ్లోంచి వచ్చిందంటున్న రాయి మాత్రం టికెట్టు కొంటే కనపడుతుంది కదా అన్న ఒక వింత ఊహ. ఇరవై నిమిషాలు నిలబడ్డాను. కాపలా ఉన్న పెద్దాయన రెండుసార్లు నా వైపు చూశాడు. తప్పు పట్టలేం. 2019 నవంబరులో కింది అంతస్తు గదుల్లో దొంగలు పడి నగలు ఎత్తుకుపోయారు. చాలావరకు దొరికాయి, 49 క్యారెట్ల తెల్ల వజ్రం మాత్రం ఇంకా దొరకలేదు. పచ్చది అప్పటికి న్యూయార్క్‌లో ప్రదర్శనకి వెళ్లి ఉండటంతో బతికిపోయింది.

బయటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం.

"ఎంత ఉంటుందిరా?"

"బాదం పప్పంత నాన్నా."

"ఓస్, అంతేనా! ధర?"

"అమ్మరు గదా, ఎవరికి తెలుసు."

"సర్లే. నాన్నమ్మ నిద్రపోతోంది, ఆదివారం చెయ్యి."

నది ఒడ్డున జనం గుంపుగా నిలబడి ఉన్నారు. సరిగ్గా ఏడాది కిందట, 2024 సెప్టెంబరు 11 తెల్లవారుజామున కరోలా వంతెనలో ఒక భాగం ఎల్బేలో కూలింది. ఆఖరి ట్రామ్ దాటిన కాసేపటికే కూలిందట, ఎవరికీ ఏమీ కాలేదు.

ఐదో రోజు, శుక్రవారం

టికెట్టు ఎంత దూరం తీసుకెళ్తుందో చూద్దామని తూర్పు చివరికి, గోర్లిట్స్ వెళ్లాను. బాంబులు పడని ఊరు కాబట్టి పాత ఇళ్లన్నీ అలాగే ఉన్నాయి. నైసె నది మధ్యలోంచి పోతుంది. 1945 తర్వాత అవతలి సగం పోలండ్‌కి పోయింది. 2004లో కట్టిన నడక వంతెన మీద మూడు నిమిషాల్లో దేశం మారిపోవచ్చు. 2025 జులై నుంచి పోలండ్ వాళ్లు మళ్లీ తనిఖీలు పెట్టారు. అందుకని పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు చేతిలో పట్టుకునే నడిచాను. అటు ఎవరూ అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఇటువైపు పోలీసు నన్నొక్కణ్ణే ఆపి, కార్డు చూసి, "శుభదినం" అన్నాడు. ముందున్న పదిమందిని ఎందుకు ఆపలేదో అడగలేదు. అవతల తిన్న బంగాళాదుంప పిరోగీలు మాత్రం బాగున్నాయి, మన కజ్జికాయను ఉడకబెట్టినట్టు ఉంటాయి.

ఇంకో సంగతి. 15 డిగ్రీల రేఖాంశం ఈ ఊరి మీదుగా పోతుంది, మధ్య ఐరోపా గడియారాలకు లెక్క ఇదే. మన గడియారానికి 82½ డిగ్రీలు. రెండింటికీ తేడా నాలుగున్నర గంటలు. ఎండాకాలంలో వీళ్లు గంట ముందుకు జరుపుతారు కాబట్టి మూడున్నర. ఇంటికి ఫోన్ చేసేముందు రోజూ వేసుకునే లెక్కకి ఒక రాయి పాతి ఉండటం బాగుంది.

ఆరో రోజు, శనివారం

అన్న ఇచ్చిన చపాతీల పొట్లంతో బయల్దేరాను. లైప్‌జిగ్ చేరేసరికి రైలు ఆలస్యం, తర్వాతి రైలు తప్పిపోయింది. ప్లాట్‌ఫారం మీద గంటకు పైగా. ఎక్కిన రైలు నిండా ఫుట్‌బాల్ అభిమానులు, బీరు, కేకలు. ఒకడు నా భుజం మీద చెయ్యేసి పాట కూడా పాడించాడు. వాళ్లు దిగాక బోగీ నిండా ఖాళీ సీసాలు. ఇక్కడ ఖాళీ సీసా కొట్లో మెషీన్లో వేస్తే డబ్బిస్తారు, బీరు గాజుసీసాకి 8 సెంట్లు, ప్లాస్టిక్‌దానికి 25. మొదటి ఏడాది సీసాలు ఏరుకోవడానికి సిగ్గుపడేవాణ్ణి. ఇప్పుడు సంచిలో పద్నాలుగు సీసాలు పట్టాయి, అందులో ఆరు ప్లాస్టిక్‌వి.

ఏడో రోజు, ఆదివారం

ఆదివారం కొట్లు మూత. గదిలో బియ్యం, కారప్పొడి తప్ప ఏమీ లేవు. సీసాలు తలుపు పక్కన పెట్టి నాన్నమ్మకి ఫోన్ చేశాను. రాయి గురించి అంతా చెప్పాను, రాజులు, మాస్కో, అన్నీ. ఊఁ కొడుతూ వింది.

"ఏం రంగన్నావు?"

"లేత పచ్చ. జామపిందె రంగు."

"అట్టాంటియ్యి మేం చూళ్లా. తెల్లయి దొరికేయి, నున్నగా. అచ్చనగాయలాడుకునేవోళ్లం." కాసేపు ఆగి, "మా వాకిట్లో వేపచెట్టు నీకు గుర్తుందా?" అంది.

ఉందన్నాను. చీమల సంగతి కూడా చెప్పాను.